బీగాల వరుస

మా అనంతపురం వైపు తాళాన్ని బీగం అంటాం. ఆఫీసు కాల్‌లో లాక్ అంటాను, ఇంట్లో బీగం అంటాను. పుస్తకాల్లో ఉండే తాళం నా నోట ఎప్పుడో గానీ రాదు. ఈ పోస్టు మొత్తం కంప్యూటర్ ప్రోగ్రాముల్లో వాడే లాక్‌ల గురించే, అంటే ఒక సమాచారాన్ని ఒకరు వాడుతుండగా ఇంకొకరు ముట్టుకోకుండా పెట్టే కాపలా గురించి. చదువుతూ మధ్యలో బీగం అని కనబడితే కంగారు పడకండి, రెండూ ఒకటే.

బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే ఫర్మ్‌వేర్ పని చేస్తాను. ఆదివారాలు మా మేడ మీద గదిలో నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు చేరతారు. అందరం కలిసి ఎక్స్‌వీ6 చదువుతాం. ఎంఐటీ వాళ్లు పాఠం చెప్పడానికి రాసుకున్న చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అది. రిస్క్-వీ ప్రాసెసర్ మీద నడుస్తుంది, బోర్డు కొనక్కర్లేదు, క్యూఎము అనే నకిలీ కంప్యూటర్ ప్రోగ్రాములో నడిపితే చాలు. ఫీజు లేదు. అమ్మ పది గంటలకు ఉగ్గాని, బజ్జీలు పంపిస్తుంది కాబట్టి హాజరు మాత్రం పక్కాగా ఉంటుంది.

ఆ నలుగురిలో ధర్మవరం నుంచి బస్సులో వచ్చే అబ్బాయి ఒకడు కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రాములు కెర్నల్‌ను పని అడిగే దారి) రాసుకొచ్చాడు. ఏ ఫైలును ఎన్ని ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) తెరిచి పెట్టుకున్నాయో లెక్క చెప్పే కాల్. వాడి ఇంట్లో బాగానే నడిచిందట. మా గదిలో పక్కన ఫోర్క్‌టెస్ట్ (ఫోర్క్ అంటే ఉన్న ప్రాసెస్‌కు నకలు పుట్టించే కాల్, దాన్ని వరసగా పిలిచే పరీక్ష ఇది) నడుపుతూ దీన్ని వరసగా పిలిస్తే నాలుగోసారో ఐదోసారో స్క్రీన్ బిగుసుకుపోయింది. మళ్లీ నడిపితే బాగుంది. మూడోసారి మళ్లీ ఆగింది.

"అక్కా, నా లాప్‌టాప్ పాతది కదా, అందుకేనేమో" అన్నాడు. పాపం, ప్రతి తరానికీ ఇదే మొదటి అనుమానం.

గడ్డకట్టిన కెర్నల్‌కు జీడీబీ (ప్రోగ్రాము లోపల ఏం జరుగుతోందో చూపే పనిముట్టు) తగిలించి చూశాం. ఎక్స్‌వీ6 మామూలుగా మూడు సీపీయూలతో నడుస్తుంది. మొదటిది ఫోర్క్ మధ్యలో ఉంది. కొత్తగా పుట్టబోయే ప్రాసెస్ లాక్ చేతిలో పట్టుకుని, ఫైల్ టేబుల్ (తెరిచిన ఫైళ్ల పట్టిక) లాక్ కోసం తిరుగుతోంది. రెండోది మావాడి సిస్టమ్ కాల్‌లో ఉంది. ఫైల్ టేబుల్ లాక్ పట్టుకుని, అదే కొత్త ప్రాసెస్ లాక్ కోసం తిరుగుతోంది. మూడోది షెడ్యూలర్‌లో, అంటే తర్వాత ఏ ప్రాసెస్ నడవాలో తేల్చే కోడ్‌లో ఉంది. దాని మానాన అది ప్రాసెస్‌లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి అదే లాక్ దగ్గర ఇరుక్కుంది. మూడు సీపీయూలూ నూరు శాతం కష్టపడుతున్నాయి, జరిగే పని మాత్రం సున్నా.

తప్పు దొరికింది, వాడికి వివరించాను, బజ్జీలు తిన్నారు, వెళ్లిపోయారు. నాకు మాత్రం అది తెగలేదు. దొరికింది కదా అంటే, ఆగింది కాబట్టి దొరికింది. ఆగకపోయి ఉంటే? వాడి ఇంట్లో ఆగలేదు కదా. రెండు సీపీయూలు సరిగ్గా ఆ ఇరుకు క్షణంలో ఎదురుపడితేనే ఇది బయటపడుతుంది. ఒకరు ఒక వరుసలో, ఇంకొకరు తిరగేసిన వరుసలో లాక్‌లు తీసుకునే తప్పు మాత్రం ప్రతిసారీ ఉన్నట్టే.

దీనికి మందు కనిపెట్టి చాలా కాలమైంది. లినక్స్‌లో లాక్‌డెప్ అనేది ఉంది. ఇంగో మోల్నార్, అర్యన్ వాన్ డే వెన్ రాస్తే 2006లో 2.6.18 వెర్షన్‌తో కెర్నల్‌లో చేరింది. ఒక లాక్ చేతిలో ఉండగా ఇంకోటి తీసుకుంటే "దీని తర్వాత అది" అని ఒక బాణం గీసి పెట్టుకుంటుంది. ఎప్పుడైనా కొత్త బాణం గీయబోతే అది తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుందా అని చూస్తుంది. వచ్చిందంటే, ఈరోజు ఆగకపోయినా ఒకరోజు ఆగే అవకాశం ఉందని అరుస్తుంది. సరే, ఎక్స్‌వీ6కి ఇలాంటిది చిన్నది మనమే రాసేద్దాం అనుకున్నాను. రెండు సాయంత్రాల పని అనుకున్నది మూడు వారాలు పట్టింది.

మా నాయన గుంతకల్లు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. రాత్రి భోజనాల దగ్గర "ఏమ్మా, ఏదో ఆగిపాయ అంటివి, దొరికిందా?" అని అడిగాడు. బాణాల సంగతి చెప్పాను. ఆయనకు ఇది సింగిల్ లైన్ మీద క్రాసింగ్ లాగా అనిపించింది. స్టేషన్‌లో రెండు లైన్లూ బండ్లతో నిండి, అటు సెక్షన్‌లో ఒకటి, ఇటు సెక్షన్‌లో ఒకటి లోపలికి రావాలని నిలబడితే ఏదీ కదలదు. "అట్ల రానిస్తే కదా" అన్నాడు. కంట్రోల్ వాళ్లు ముందే చూసుకుంటారట. అక్కడే తేడా ఉంది. వాళ్లు ఇప్పుడు ఏ బండి ఎక్కడుందో చూసి లైన్ క్లియర్ ఇస్తారు. లాక్‌డెప్‌కు ఇప్పటి పరిస్థితితో పెద్దగా పని లేదు. బూట్ అయినప్పటి నుంచి ఏ వరుసలో ఎవరు ఏది తీసుకున్నారో ఆ రిజిస్టరే దాని ఆస్తి. పొద్దున ఒక ప్రాసెస్ గీసిన బాణం, సాయంత్రం ఇంకో ప్రాసెస్ గీసిన బాణం కలిసి సుడి అయితే చాలు, ఆ రెండూ ఎన్నడూ ఎదురుపడకపోయినా సరే.

నాయన ఇంకో మాట కూడా అన్నాడు. రిజిస్టర్‌లో బండి నంబరు రాస్తారు గానీ, రూలు మాత్రం నంబరుకు ఉండదు, రకానికి ఉంటుంది. గూడ్సుకు ఒక రూలు, ఎక్స్‌ప్రెస్‌కు ఒక రూలు. నేను రాయబోయే చెకర్‌లో అసలు పీటముడి అదే అని నాకప్పటికి తెలియదు.

ఎక్స్‌వీ6లో 64 ప్రాసెస్‌లకు చోటుంది, ఒక్కోదానికీ ఒక లాక్. పైపు (ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి సమాచారం పంపే గొట్టం) తెరిచిన ప్రతిసారీ కొత్త లాక్ పుడుతుంది, మూసినప్పుడు పోతుంది, అదే చిరునామాలో రేపు ఇంకోటి పుడుతుంది. లాక్ చిరునామాను గుర్తుగా పెట్టుకుంటే రెండు నష్టాలు. చచ్చిన పైపు బాణాలు కొత్త దానికి అంటుకుంటాయి. పైగా 3వ ప్రాసెస్ దగ్గర నేర్చుకున్న వరుస 40వ ప్రాసెస్‌కు పనికిరాదు. అందుకని లాక్‌లను రకాలుగా పోగేయాలి. లాక్‌డెప్‌లో దీన్నే క్లాస్ అంటారు. లాక్‌ను సిద్ధం చేసే చోట కోడ్‌లో ఒక స్థిరమైన కీ దాస్తారు, ఆ కీ చిరునామానే క్లాస్ గుర్తు.

ఎక్స్‌వీ6లో నాకు ఇది ఉచితంగా దొరికింది. లాక్‌ను సిద్ధం చేసే ఫంక్షన్‌కు పేరు కూడా ఇస్తారు కదా, "ప్రాక్", "పైప్", "కెమెమ్" అని. 64 ప్రాసెస్ లాక్‌లూ ఒకే లూపులో ఒకే పేరుతో సిద్ధమవుతాయి, అంటే అన్నిటికీ ఒకే స్ట్రింగ్ పాయింటర్ (ఆ పేరు మెమరీలో ఉన్న చిరునామా). ఆ పాయింటర్‌నే గుర్తు చేసుకున్నాను. లెక్కపెడితే నా దగ్గరున్న కాపీలో 17 రకాలు తేలాయి. ఆ క్లాస్ నంబరును ప్రతి లాక్‌లో ఒక బైట్‌లో దాచాలి. ఎక్స్‌వీ6 స్పిన్‌లాక్‌లో (దొరికేదాకా సీపీయూ తిరుగుతూనే వేచి చూసే లాక్ ఇది) నాలుగు బైట్ల ఫీల్డు, తర్వాత రెండు పాయింటర్లు ఉంటాయి. పాయింటర్లు ఎనిమిది బైట్ల సరిహద్దు మీద కూర్చోవాలి కాబట్టి మధ్యలో నాలుగు బైట్లు ఖాళీగా పడి ఉంటాయి. నా బైట్ అక్కడ పట్టేసింది. సైజు ముందూ 24, తర్వాతా 24. ఇలాంటివి జరిగినప్పుడు వచ్చే ఆనందం పక్కవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఇప్పుడు బాణాలు ఎక్కడ దాచాలి?

ఇక్కడ లినక్స్ దారి నాకు సరిపోలేదు. అక్కడ ఒక్కో క్లాస్‌కు రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి తన తర్వాత వచ్చినవి, ఇంకోటి తన ముందు వచ్చినవి. కొత్త బాణం వస్తే జాబితాల వెంట పొరలు పొరలుగా వెతుకుతుంది. 17 రకాలకు ఇంత సంసారం ఎందుకు? నేను 64 రకాల దాకా చాలు అని గిరి గీసుకున్నాను. 64 అంటే ఈ ప్రాసెసర్ ఒక్కసారిగా పట్టుకునే సంఖ్యలో ఉండే బిట్లు. ఒక్కో క్లాస్‌కు ఒక 64 బిట్ల సంఖ్య, అలాంటివి 64. మొత్తం 512 బైట్లు. ఇలాంటి టేబుల్స్ రెండు పెట్టాను. మొదటిది "ముందు": ఈ క్లాస్ తీసుకున్నప్పుడు చేతిలో ఏవేవి ఉండగా చూశాం. రెండోది "చేరిక": ఈ క్లాస్ నుంచి బాణాల వెంట పోతే ఎక్కడెక్కడికి చేరతాం.

పని ఇలా సాగుతుంది. చేతిలో ఉన్న క్లాస్‌లన్నీ కలిపి ఒక 64 బిట్ల సంఖ్య. కొత్త లాక్ అడగ్గానే దాని "ముందు" వరుసలో ఈ బిట్లన్నీ ఇప్పటికే ఉన్నాయా అని ఒక్క అండ్ ఆపరేషన్‌తో తేలిపోతుంది. ఉంటే ఇది పాత కథే, పోనివ్వు. లేకపోతే నెమ్మది దారి. కొత్త లాక్ నుంచి చేతిలో ఉన్న దానికి చేరిక ఉందా? ఉంటే సుడి, రిపోర్టు. లేకపోతే బాణం గీసి, చేతిలో ఉన్న దానికి ఎవరెవరు చేరగలరో వాళ్లందరి చేరికలోనూ కొత్త లాక్ చేరికను కలిపేయాలి. 64 సార్లు తిరిగే ఒక లూపు. 64 రకాల మధ్య గీయగలిగే బాణాలే 64 సార్లు 63, అంటే 4032. ఒక బూట్‌లో అంతకంటే ఎక్కువ బాణాలు చేర్చే పని ఎప్పటికీ ఉండదు. నిజంగా చూస్తే వందలోపే.

వేగం దారిలో లాక్ కూడా అక్కర్లేదు. ఇది నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన సంగతి. బిట్లు పెట్టడమే గానీ తీయడం లేదు కదా. 64 బిట్ల సంఖ్యను ఆ ప్రాసెసర్ ఒక్క దెబ్బకు చదువుతుంది. ఇంకో సీపీయూ అప్పుడే పెట్టిన బిట్ నాకు కనబడకపోతే ఏమవుతుంది? అనవసరంగా నెమ్మది దారిలోకి వెళ్లి, అక్కడ లాక్ పట్టుకుని మళ్లీ చూసి, "ఓ, ఉందిగా" అని బయటికి వస్తాను. పాత సంగతి చదివితే కాస్త ఆలస్యమే తప్ప తప్పు జరగదు.

మరి లినక్స్ వాళ్లు ఈ టేబుల్ ఎందుకు పెట్టుకోలేదని ఆ పిల్లలే అడిగారు. అక్కడ క్లాస్‌ల హద్దు 8192. చదరంగా వేస్తే ఒక్కో టేబుల్‌కు 8 ఎంబీ. మెమరీ కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. లినక్స్‌లో మాడ్యూల్ (నడుస్తున్న కెర్నల్‌కు తగిలించి తీసేసే ముక్క) తీసేస్తే దాని క్లాస్‌లు కూడా పోవాలి. చేరిక టేబుల్‌లో అన్నీ కలిపి ముద్ద చేసేశాం కాబట్టి, ఏ బిట్ ఎవరి వల్ల వచ్చిందో విడదీయలేం. చింతపండు పిసికాక పులుసులోంచి చింతకాయ తీయమన్నట్టే. జాబితాలైతే ఆ ముక్క తీసి పారేయొచ్చు. ప్రతిసారీ వెతికే ఖర్చు లేకుండా వాళ్లు వేరే ఉపాయం చేశారు. చేతిలో ఉన్న లాక్‌ల వరుస మొత్తానికీ ఒక 64 బిట్ల హ్యాష్ (ఆ వరుసకు గుర్తుగా లెక్కించిన సంఖ్య) కట్టి, ఆ వరుస ముందెప్పుడైనా పరీక్షించామా అని చూస్తారు. పరీక్షించి ఉంటే గ్రాఫ్ జోలికే పోరు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇదే పని చేసే విట్‌నెస్ అనేది మాత్రం చదరపు టేబుల్‌నే నమ్ముకుంది. అది చూశాక నా టేబుల్ మీద నాకు కాస్త ధైర్యం వచ్చింది.

చేరిక టేబుల్‌తో ఇంకో లోటు ఉంది. "నుంచి చేరొచ్చు" అని చెబుతుంది గానీ ఏ దారిన అనేది చెప్పదు. రిపోర్టులో దారి లేకపోతే దాన్ని చూసి ఏం చేసుకుంటాం? అందుకని ప్రతి కొత్త బాణానికీ అది మొదటిసారి కనబడ్డ కోడ్ చిరునామాలను ఒక అరేలో రాసి పెట్టాను. సుడి తేలినప్పుడే తీరిగ్గా "ముందు" టేబుల్ పట్టుకుని దారి వెతుకుతాను. అప్పటికి కెర్నల్ ఎలాగూ ఆగబోతోంది, తొందరేముంది.

చేతిలో ఉన్నవి ఎక్కడ రాసుకోవాలనే దగ్గర మూడు రోజులు పోయాయి. లినక్స్ లాగా ప్రతి ప్రాసెస్‌కూ ఒక జాబితా పెట్టాను. లినక్స్‌లో ఆ జాబితాకు 48 గళ్లు ఉంటాయి, నేను 16 పెట్టుకున్నాను. బూట్ కాగానే లెక్క తప్పింది. ఎక్స్‌వీ6లో ప్రాసెస్ లాక్‌ది విచిత్రమైన జీవితం. ప్రాసెస్ తన లాక్ తాను పట్టుకుని షెడ్యూలర్‌లోకి దూకుతుంది, దాన్ని వదిలేది షెడ్యూలర్. తిరిగి వచ్చేటప్పుడు షెడ్యూలర్ పట్టుకుంటుంది, ప్రాసెస్ వదులుతుంది. ఒకరు వేసిన బీగం ఇంకొకరు తీయడం! నా జాబితాలో ఒకరి దగ్గర ఎప్పటికీ వదలని లాక్, ఇంకొకరి దగ్గర ఎప్పుడూ తీసుకోని లాక్ మిగిలాయి.

తర్వాత వెలిగింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడమంతా ఒకే సీపీయూ మీద, ఇంటరప్ట్‌లు (చేస్తున్న పనిని మధ్యలో ఆపే పిలుపులు) ఆపి ఉండగా జరుగుతుంది. కాబట్టి స్పిన్‌లాక్‌లను సీపీయూ ఖాతాలో రాయాలి. స్లీప్‌లాక్‌లు, అంటే దొరికేదాకా ప్రాసెస్‌ను నిద్రపుచ్చే లాక్‌లు, అలా కాదు. ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలు ఉండే నమోదు) లాక్ పట్టుకుని నిద్రపోయిన ప్రాసెస్ ఇంకో సీపీయూ మీద లేవచ్చు, అది ప్రాసెస్ ఖాతా. లాక్ అడిగినప్పుడు రెండు ఖాతాల బిట్లూ ఆర్ చేస్తే చేతిలో ఉన్నవి తేలతాయి. రెండు ఖాతాల లెక్క కుదిరాక ఇంకేం అడ్డం రాలేదు. వదిలేటప్పుడు వరుస తప్పినా పర్వాలేదు, బిట్ తీసేస్తే చాలు. ఎక్స్‌వీ6 స్లీప్ ఫంక్షన్ ప్రాసెస్ లాక్ తీసుకున్నాక ముందున్న లాక్‌ను వదులుతుంది కాబట్టి చేతిలో ఉన్నవాటిని దొంతర అనుకుంటే మోసపోతాం. ఒకే రకానివి రెండు ఉంటే ఒక్క బిట్‌తో లెక్క రాదు కాబట్టి పక్కన ఒక చిన్న కౌంట్ పెట్టాను.

మెమరీ అడిగి తెచ్చుకోవడం ఈ చెకర్‌కు నిషిద్ధం. మెమరీ పేజీ అడిగితే దాన్ని కాపాడే కెమెమ్ లాక్ పడుతుంది, లాక్ పడితే చెకర్ నడుస్తుంది, చెకర్ మళ్లీ పేజీ అడుగుతుంది. అందుకే అన్నీ ముందే కట్టిన అరేలు. లాక్‌డెప్ కూడా అంతే, హద్దు దాటితే చోటు చాలలేదని చెప్పి తనను తాను ఆపేసుకుంటుంది. చెకర్ సొంత టేబుల్స్‌కు కాపలాగా పెట్టిన లాక్ కూడా చెకర్ కంటికి కనబడని పచ్చి లాక్ కావాలి. ఇవన్నీ నాకు తెలుసు, జాగ్రత్తగానే రాశాను. అయినా మొదటిసారి నడిపితే బూట్‌లోనే ఒక్క అక్షరం లేకుండా ఆగింది. ఎందుకంటే, సుడి తేలింది, రిపోర్టు చేద్దామని ప్రింట్‌ఎఫ్ (స్క్రీన్ మీద రాసే ఫంక్షన్) పిలిచాను, ప్రింట్‌ఎఫ్ తన లాక్ తీసుకుంది, దానికి చెకర్ మళ్లీ వచ్చింది, నెమ్మది దారిలో నా పచ్చి లాక్ అడిగింది. అది నా చేతిలోనే ఉంది. డెడ్‌లాక్‌లు, అంటే లాక్ కోసం ఇలా ఎప్పటికీ ఆగిపోవడాలు, పట్టడానికి రాసిన కోడ్ డెడ్‌లాకై కూర్చుంది. ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి చెప్పడం. ఇప్పుడు మొదటి రిపోర్టు రాగానే చెకర్ మొత్తం కళ్లు మూసుకుంటుంది.

కళ్లు మూసుకున్నాక కనబడిన ఆ మొదటి రిపోర్టు కూడా నా తప్పే. స్లీప్‌లాక్ లోపల దాన్ని కాపాడే చిన్న స్పిన్‌లాక్ ఒకటి ఉంటుంది. నేను ఆ చిన్నది పట్టుకుని ఉండగా "స్లీప్‌లాక్ దొరికింది" అని రాసుకున్నాను. వదిలేటప్పుడేమో స్లీప్‌లాక్ చేతిలో ఉండగా చిన్నదాన్ని తీసుకుంటాం. అటొక బాణం, ఇటొక బాణం. రాసుకోవడం అడగబోయే ముందే జరగాలి. అసలు దొరికాక రాద్దామనుకుంటే, దొరకని రోజు రాసేదెవరు?

ఇక అసలు చిక్కులు. షెల్ (ఆజ్ఞలు తీసుకునే ప్రోగ్రాము) ఇంకా రాకముందే, మొదటి ప్రాసెస్ ఇనిట్ కన్సోల్ ఫైలును తయారు చేస్తుండగా రిపోర్టు: ఐనోడ్ చేతిలో ఉండగా ఐనోడ్. డైరెక్టరీ లాక్ పట్టుకుని దానిలో కొత్త ఫైలు లాక్ తీసుకోవడం తప్పేం కాదు. కానీ రెండింటినీ నేనే ఒక రకం చేశాను. కొంచెం ముందుకు పోతే లాగ్ (డిస్క్ మార్పులను ముందుగా రాసిపెట్టే చిట్టా) రాసే చోట బఫర్ (మెమరీలో ఉంచుకున్న డిస్క్ ముక్క) చేతిలో ఉండగా బఫర్. లినక్స్‌లో దీనికి సబ్‌క్లాస్ అని 8 మెట్లు ఇచ్చారు. తల్లి డైరెక్టరీ ఒక మెట్టు, బిడ్డ ఒక మెట్టు. నేనూ రెండేసి మెట్లు చేశాను. క్లాస్‌లు 19 అయ్యాయి. ఇది కాస్త భయపెట్టే పని కూడా. ఇక్కడ చెకర్‌కు నేను హామీ ఇస్తున్నాను, "ఎప్పుడూ తల్లి ముందు, బిడ్డ తర్వాత" అని. నా హామీ తప్పయితే అది పట్టుకోలేదు.

అన్నిటికన్నా రుచికరమైనది తర్వాత వచ్చింది. షెల్ వచ్చింది, ఎల్ఎస్ నడిచింది, ఫోర్క్‌టెస్ట్ నడిచింది, ఒక ఫైలును తీసేద్దామని ఆర్ఎమ్ కొట్టాను. ఢామ్మని రిపోర్టు. ప్రాసెస్ లాక్ తర్వాత ఐనోడ్ టేబుల్ లాక్, దాని తర్వాత స్లీప్‌లాక్ లోపలి స్పిన్‌లాక్, దాని తర్వాత ప్రాసెస్ లాక్. మూడు చోట్లా కోడ్ తెరిచి చూస్తే మూడు బాణాలూ నిజం. ఫోర్క్ కొత్త ప్రాసెస్ లాక్ వదలకుండానే ఐనోడ్ టేబుల్ లాక్ తీసుకుంటుంది. లింకులు అయిపోయిన ఫైలును విడిచే చోట టేబుల్ లాక్ చేతిలో ఉండగా ఆ ఐనోడ్ స్లీప్‌లాక్ అడుగుతుంది. స్లీప్‌లాక్ వదిలేవాడు నిద్రపోతున్నవాళ్లను లేపడానికి ఒక్కొక్కరి ప్రాసెస్ లాక్ తీసుకుంటాడు. ప్రపంచమంతా చదివే కెర్నల్‌లో నాకు బగ్ దొరికిందని గుండె దడదడా కొట్టుకుంది. అర్ధరాత్రి దాటింది. ఎవరికి ఫోన్ చేయాలి?

అదృష్టం, ఎవరికీ చేయలేదు. ఆ మధ్య బాణం దగ్గర కోడ్‌లోనే ఒక వ్యాఖ్య ఉంది. ఈ ఐనోడ్ రిఫరెన్స్ కౌంట్ ఒకటి, అంటే నేను తప్ప ఎవరి దగ్గరా ఇది లేదు, కాబట్టి ఈ స్లీప్‌లాక్ కోసం ఆగాల్సిన అవసరమే రాదు అని. కాగితం మీద ముగ్గుర్ని నిలబెట్టి చూశాను. సుడి నిజం కావాలంటే మూడోవాడు అదే ఐనోడ్ స్లీప్‌లాక్‌ను వదులుతూ ఉండాలి. వదులుతున్నాడంటే వాడి దగ్గర ఇంకా ఒక రిఫరెన్స్ ఉన్నట్టే. అప్పుడు కౌంట్ రెండు. రెండైతే రెండోవాడు ఆ దారిలోకే రాడు. లెక్క సరిపోయింది, బగ్ లేదు, నిద్ర మాత్రం పోయింది.

చెకర్‌కు రిఫరెన్స్ కౌంట్ అంటే ఏమిటో తెలియదు. దానికి అన్ని ఐనోడ్‌లూ ఒకటే, ఒకటే అని దానికి చెప్పింది నేనే. ఇన్ని రోజులు బిట్లు, టేబుల్స్, లూపులు అని నేను కొట్టుకున్నది మొత్తం పనిలో చిన్న భాగం. ఏ రెండు లాక్‌లను ఒకటిగా చూడాలి, ఎక్కడ విడదీయాలి అనేదే కష్టమంతా. ఎక్కువ కలిపితే లేనిపోని అరుపులు, ఎక్కువ విడదీస్తే నిజమైన సుడి కూడా కనబడదు. నాయన గూడ్సు, ఎక్స్‌ప్రెస్ మాట అప్పుడు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆ చోటికి "ఆగని అడుగుడు" అని గుర్తు పెట్టాను. లాక్‌డెప్ ట్రైలాక్‌ను (దొరకకపోతే ఆగకుండా వెనక్కి వచ్చే అడుగుడు) చూసే పద్ధతి కూడా ఇదే. ఆగని లాక్ వైపు బాణం గీయక్కర్లేదు, ఆగనివాడి వల్ల సుడి మూయబడదు కాబట్టి. అది చేతిలో ఉండగా తర్వాత తీసుకున్నవాటికి మాత్రం మామూలుగానే గీయాలి.

తర్వాతి ఆదివారం ధర్మవరం అబ్బాయి పాత కోడ్‌నే చెకర్‌తో కలిపి నడిపాం. మూడు సీపీయూలు వద్దు, ఒక్కటే పెట్టమన్నాను. ఒక్క సీపీయూ మీద స్పిన్‌లాక్ పట్టుకున్నంతసేపు ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి, ఇంకెవరూ నడవరు, వాడి కాల్ వెయ్యిసార్లు పిలిచినా ఆగదు. ఎంటర్ కొట్టగానే, మొదటి పిలుపుకే, ఫైల్ టేబుల్ తర్వాత ప్రాసెస్ అని, అంతకుముందు ఫోర్క్‌లో ప్రాసెస్ తర్వాత ఫైల్ టేబుల్ అని, రెండు చిరునామాలతో సహా స్క్రీన్ మీద పడింది. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అక్కా, అసలు ఆగలేదు కదా, దీనికెలా తెలిసింది?" అన్నాడు. లోపలి లూపు, బయటి లాక్ తారుమారు చేసి ప్రాసెస్ లాక్ ముందు తీసుకునేలా మార్చుకున్నాడు.

రెండు వారాల తర్వాత మళ్లీ వాడే వచ్చాడు, ఈసారి ముఖం వెలిగిపోతోంది. "అక్కా, నీ చెకర్ ఏమీ అనలేదు, కానీ ఆగిపోయింది." ఐనోడ్ లాక్ పట్టుకుని బిగిన్ ఆప్ పిలిచాడు. అంటే లాగ్‌లో చోటు కోసం వేచి చూడటం. లాగ్‌లో ఉన్నవాడేమో అదే ఐనోడ్ కోసం చూస్తున్నాడు, వాడు ముగిస్తే గానీ లాగ్ ఖాళీ కాదు. ఇక్కడ రెండో వైపు లాక్ లేదు, వేచి చూడటం మాత్రమే ఉంది. చెకర్‌కు కనబడేది లాక్‌లే. ఇలాంటి వేచి చూడటాలను కూడా పట్టాలని లినక్స్‌లో 2017లో 4.14 వెర్షన్‌లో క్రాస్‌రిలీజ్ అని ఒకటి చేర్చారు, తర్వాతి 4.15లోనే తీసేశారు. అంత జోలికి నేను పోలేదు. బిగిన్ ఆప్‌ను ఒక లాక్ తీసుకున్నట్టు, ఎండ్ ఆప్‌ను వదిలినట్టు నటించమని రెండు వరుసలు రాశాను. ఒకేసారి చాలామంది పట్టుకోగల లాక్ అయినా వరుస లెక్కకు అది అడ్డం కాదు, ప్రాసెస్ ఖాతాలో ఒక బిట్ అంతే. అసలు ఎక్స్‌వీ6 కోడ్ మొత్తం నిశ్శబ్దంగా నడిచింది, వాడి కోడ్ దగ్గర అరిచింది.

క్లాస్‌లు ఇప్పుడు 20. ఇంకా 44 ఖాళీ ఉన్నాయి. వాడి చేతిలో అవి ఎన్నాళ్లు మిగులుతాయో చూడాలి.